చెదపుట్టలో కులం ఉన్నదా?

ప్రకృతిలో ఉన్నది కాబట్టి మనుషులలోనూ ఉండి తీరుతుందనీ, ఉండటం న్యాయమేననీ వాదించేవాళ్ళు ప్రతి తరంలోనూ ఉంటారు. వాళ్ళకు జవాబు చెప్పటం తేలికేనని నేను చాలాకాలం అనుకున్నాను. కాని ఆ వాదానికి కావలసిన సరుకును ఒకప్పుడు నేనే క్లాసులో పంచిపెట్టాననే సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. అందువల్ల ఈ వ్యాసాన్ని ఇతరుల మీద విమర్శగా కంటె నా మీద నేను జరుపుకున్న విచారణగా చదవవలసిందని మనవి.

1986 వానాకాలంలో నేను వినుకొండలో ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతున్నాను. అప్పటికి మాది గుంటూరు జిల్లా. పల్నాడు జిల్లా 2022లో ఏర్పడింది. రాత్రి వాన కురిసింది. పొద్దున క్లాసుగది నిండా ఉసిళ్ళ రెక్కలు రాలి ఉన్నాయి. పిల్లల కళ్ళ ముందు ఉన్న వస్తువే పాఠం కావాలని నమ్మినవాణ్ణి గనక ఆ రోజు చెదల గురించి చెప్పాను. పుట్టలో ఒక రాజు ఉంటుంది, ఒక రాణి ఉంటుంది, కొన్ని సైనికులు, మిగిలినవన్నీ కూలీలు అన్నాను. ఇంగ్లీషు పుస్తకాలలో ఈ భేదాలను 'కాస్ట్' అంటారు. నేను 'కులాలు' అని తెలుగు చేశాను. బోర్డు మీద నాలుగు గళ్ళు గీసి నాలుగు పేర్లు రాశాను. మన దేశంలో ఆ మాట పక్కన ఆ అంకె ఎంత ప్రమాదకరమైనదో నాకు తట్టనే లేదు.

వెనక బెంచీలోంచి ఒక కుర్రవాడు లేచాడు. వాడి తల్లీ తండ్రీ మిరపచేలలో కూలికి పోయేవాళ్ళు.

"కూలిచెదకి పుట్టిన పిల్ల గూడా కూలిదే అవుద్దా సార్?" అన్నాడు.

"అవునురా, అది ప్రకృతి ఏర్పాటు" అన్నాను.

వాడు కూర్చున్నాడు. ఆ ఏడాదంతా నా క్లాసులో మరొక ప్రశ్న అడగలేదు.

వారం తిరక్కముందే బస్టాండు దగ్గర టీకొట్టులో ఒక పెద్దమనిషి నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నలభై ఎకరాల ఆసామి. కొడుకు నా దగ్గరే చదువుతున్నాడు. "ఏం మాస్టారూ, పుట్టలో గూడా కులాలున్నయ్యంట గదా! మావోడు చెప్పాడు. పురుగుల్లోనే ఉంటే మనుషుల్లో ఎట్టా పోద్దండీ?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పొరుగు ప్రకాశం జిల్లాలో, కారంచేడులో, ఆరుగురు దళితులను చంపి అప్పటికి ఏడాది దాటింది. అది జరిగింది 1985 జూలై 17న. ఆ నవ్వుల మధ్య ఆ తేదీ నాకు గుర్తుకు రాకపోలేదు. అయినా నేను కూడా నవ్వాను.

నేను కుర్రవాడికి చెప్పిన జవాబు నీతి దృష్ట్యా తప్పని చాలామంది వెంటనే ఒప్పుకుంటారు. అది శరీరశాస్త్రం దృష్ట్యా కూడా అబద్ధమని గ్రహించటానికి నాకే కొన్నేళ్ళు పట్టింది. కూలిచెదకు పుట్టిన పిల్ల ఏమవుతుందని గదా వాడు అడిగింది? కూలిచెదకు పిల్లలే పుట్టరు. ప్రశ్నలో ఉన్న ఆ పొరపాటును నేను సరిదిద్దలేదు. ఎందుకంటే కులం అనే మాట నోట్లోంచి వచ్చిన తర్వాత వంశం అనే భావం దాని వెనకే వచ్చింది. మాట నాచేత అబద్ధం ఆడించింది.

అసలు సంగతి ఏమిటో చూద్దాం.

చెదలను చాలాకాలం ప్రత్యేక గణంగా లెక్కవేశారు. అవి బొద్దింకల వంశంలోనివేనని 2007లో జన్యుపరిశోధన బలంగా చూపింది. చీమలకూ తేనెటీగలకూ వాటితో దగ్గరి బంధుత్వం లేదు. తేనెటీగలలో మగది ఒక్కసారి కలిసి చచ్చిపోతుంది. ఆడది ఆ కొద్దికాలంలో సంపాదించిన శుక్రకణాలను ఒంట్లో దాచుకొని జీవితమంతా వాడుకుంటుంది. పనిచేసేవన్నీ ఆడవే. చెదలలో ఇట్లా కాదు. మగది బతికినన్నాళ్ళూ ఆడదాని పక్కనే ఉంటుంది. పనిచేసేవాటిలో ఆడవీ ఉన్నాయి, మగవీ ఉన్నాయి. వాటి అండాశయాలు గాని వృషణాలు గాని పూర్తిగా ఎదగకుండా నిలిచిపోయి ఉంటాయి, అంతే.

తొలివానకు ఎగిరే ఉసిళ్ళను చూసి దాన్ని పెళ్ళి విహారమన్నారు. ఆ విహారంలో పెళ్ళి లేదు. నేల మీద వాలి రెక్కలు రాల్చుకుంటాయి. ఆడది ముందు, దాన్ని తాకుతూ మగది వెనక, ఒక జంటగా నడుస్తాయి. మట్టిలో చిన్న గది తవ్వుకొని లోపలినుంచి మూసుకుంటాయి. కలయిక ఆ చీకట్లో జరుగుతుంది. మగదాని పొట్టలో ఒక జత వృషణాలు, వాటినుంచి బయలుదేరే సన్నని గొట్టాలు, శుక్రకణాలు నిలవ ఉండే తిత్తులు ఉన్నాయి. కాని చాలా జాతులలో ఆడదాని శరీరంలోకి చొప్పించే అవయవమంటూ లేదు. రెండూ చెరొక దిక్కుకు తలపెట్టి పొట్టల చివరలు ఆనించుకుంటాయి. బొద్దింక అయితే శుక్రకణాలను పొట్లం కట్టి ఇస్తుంది. చెద ఆ పొట్లం కూడా కట్టదు.

శుక్రకణానికి తోక ఉంటుందనీ, అది ఈదుకుంటూ పోతుందనీ మనం పాఠం చెబుతాం. చాలా చెదల శుక్రకణాలకు తోకే లేదు. వాటంతట అవి కదలలేవు. ఆస్ట్రేలియాలో ఉండే మాస్టోటెర్మిస్ అనే చెదకు మాత్రం ఒక్కొక్క శుక్రకణానికి సుమారు నూరు తోకలున్నాయి. శుక్రకణాలు ఆడదాని పొట్టలో ఒక తిత్తిలో చేరతాయి. అండాశయాలలో తయారైన గుడ్డు అండవాహిక గుండా దిగివచ్చినప్పుడు ఆ తిత్తిలోనివే దాన్ని ఫలవంతం చేస్తాయి. తిత్తి వట్టిపోకుండా మగది మళ్ళీ మళ్ళీ కలుస్తుంది. ఏళ్ళ తరబడి ఇదే దాని పని. ఆడదాని అండాశయాలలో గుడ్లు తయారయ్యే నాళాలు క్రమంగా పెరుగుతాయి. పొట్ట ఉబ్బి, అది మనిషి వేలంత అవుతుంది. పుట్టలు పెట్టే జాతులలో రోజుకు వేలకొద్దీ గుడ్లు పెడుతుంది.

ఇప్పుడు ఆ కుర్రవాడి ప్రశ్నకు రండి. ఆ గుడ్లలోంచి వచ్చిన పిల్లలే కూలీలు, సైనికులు, రేపు రెక్కలతో ఎగరబోయే ఉసిళ్ళు. మామూలుగా ఒక పుట్టలోని సంతానమంతా ఒకే తల్లికీ ఒకే తండ్రికీ పుట్టినది. అంటే కూలిచెద రాజుగారి బిడ్డే! కూలీకీ రాజకుమారుడికీ మధ్య ఉన్నది తోబుట్టువుల సంబంధం. పిల్ల పురుగు ఏ రూపం పొందాలో చాలావరకు తిండి, రుతువు, పుట్టలో ఒకదాన్నుంచి ఒకదానికి అందే రసాయన సంకేతాలు నిర్ణయిస్తాయి. ఇటలీలో గ్రాస్సీ 1890ల నాటికే ఈ దారిన పరిశోధించాడు. ఇటువంటి సంకేతాలకు 1959లో 'ఫెరమోన్' అని పేరు పెట్టిన ఇద్దరిలో ఒకడైన లూషర్ చెదల మీద పనిచేసినవాడే. కొన్ని జాతులలో రాజో రాణో చచ్చిపోతే, మామూలుగా ఎన్నడూ గుడ్లు పెట్టి ఉండని పిల్లలలో కొన్నింటికి ప్రత్యుత్పత్తి అవయవాలు ఎదిగి, అవి ఆ స్థానంలోకి వస్తాయి. రాజు చనిపోతే కూలివాడి తమ్ముడు రాజయ్యే కులవ్యవస్థ ఎక్కడైనా ఉన్నదా? తండ్రి కులం బిడ్డకు రావటం, ఆ బిడ్డ అదే కులంలో పెళ్ళాడటం, ఈ రెండూ లేకపోతే కులం లేదు. పుట్టలో ఈ రెండూ లేవు.

ఇక రాజు, రాణి అనే మాటల సంగతి. 1994లో మా ఊరి చివర ఇళ్ళస్థలాలు చదును చేస్తూ ఒక పాత పుట్టను తవ్వుతున్నారని తెలిసి వెళ్ళాను. ఎర్రమట్టి ఇటుకలా గట్టిపడి ఉన్నది. గడ్డపారలతో పొడిచి పొడిచి లోపలికి వెళితే, గుప్పెడంత మట్టిగది ఒకటి దొరికింది. పగలగొట్టి చూశాం. లోపల తెల్లగా ఉబ్బిన ఆడచెద, దాన్ని ఆనుకొని చిన్న మగచెద. గది గోడలకున్న రంధ్రాలు కూలిచెదలు దూరేటంత మాత్రమే ఉన్నాయి. ఆడది వాటిలోంచి ఎన్నటికీ బయటికి రాలేదు. "ఇదీ రాణి" అన్నాను, కొంచెం గర్వంగానే. గడ్డపార పట్టుకున్న మనిషి వంగి చూశాడు. "రాణి అంటారేంది మాస్టారూ! కొట్టంలో కట్టేసి మేపుతున్నయ్ గదా" అన్నాడు.

నేను పుస్తకాలలో చదివినది పుట్టలో చూశాను. అతను పుట్టలో ఉన్నదాన్ని చూశాడు. ఆ ఆడచెద ఎవరికీ ఆజ్ఞ ఇవ్వదు, పన్ను వసూలు చెయ్యదు, సైన్యం నడపదు. తన తిండి తాను తినలేదు. మగచెద ఏలే రాజ్యమూ లేదు. పాలన అనే పనే అక్కడ లేదు. మరి ఈ పేర్లు ఎక్కడివి?

హెన్రీ స్మీత్‌మన్ అనే ఇంగ్లీషువాడు పశ్చిమాఫ్రికాలో చెదలను పరిశీలించి 1781లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసం ప్రకటించాడు. ఎంతో శ్రద్ధగా చూసినవాడు. అయితే అతను పుట్టలో కూలీలను, సైనికులను, ఏ పనీ చెయ్యని ప్రభువర్గాన్ని చూశాడు. ఆ ప్రభువులలోంచే రాజులూ రాణులూ వస్తారన్నాడు. అది ఆనాటి ఇంగ్లండు చిత్రపటమని వేరే చెప్పనక్కరలేదు. అతనికన్న రెండేళ్ళు ముందు, 1779లో, తంజావూరు ప్రాంతపు చెదలను గురించి జర్మన్ భాషలో రాసినవాడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. ఈయన మన తీరానికి కొత్తవాడు కాదు. 1785లో కాకినాడ దగ్గర జగన్నాథపురంలోనే చనిపోయాడు. ఈ ఇద్దరి తర్వాత పరిశోధన ఎంతో పెరిగింది. కాని రాజు, రాణి, సైనికుడు, కూలీ అనే పేర్లు మాత్రం నిలిచిపోయాయి.

'కాస్ట్' అనే మాట ప్రయాణం ఇంతకన్నా చిత్రమైనది. 'కాస్తా' అనేది పోర్చుగీసు మాట. పదహారో శతాబ్దంలో మన తీరాలకు వచ్చిన పోర్చుగీసువాళ్ళు మన కులాలకు ఆ పేరు పెట్టారు. యూరపు భాషలలో అది మన సమాజానికి గుర్తు అయింది. అక్కడినుంచి ప్రకృతి శాస్త్రజ్ఞులు దాన్ని చీమలకూ చెదలకూ అంటగట్టారు. పుస్తకంలోకి ఎక్కి, ఓడలో తిరిగి మన దేశానికి వచ్చి, వినుకొండలో నా బోర్డు మీద 'కులం' అయి కూర్చున్నది. మన ఊరినుంచి బయలుదేరిన మాటే మళ్ళీ మన ఊరికి ప్రకృతి ఇచ్చిన తీర్పుగా తిరిగివచ్చింది! టీకొట్టులో ఆసామి చేసినదల్లా ఆ మాటను అందుకోవటమే. అతను అబద్ధం చెప్పలేదు; నా పాఠాన్నే అప్పజెప్పాడు.

ఈ దొంగ ప్రయాణాన్ని ఎంగెల్స్ 1875లో లవ్రోవ్‌కు రాసిన లేఖలో బయటపెట్టాడు. మనుషుల మధ్య పోటీని గురించిన సిద్ధాంతాలను ముందు సమాజంనుంచి ప్రకృతికి తరలిస్తారు. తరవాత ప్రకృతినుంచి సమాజానికి తిప్పి తెచ్చి, చూశారా, ఇవి శాశ్వత నియమాలని రుజువైంది అంటారని అతని ఆక్షేపణ. పుట్టకు కిరీటం పెట్టిన చెయ్యి, ఆ కిరీటాన్ని చూపించి మనిషిని వంగమంటుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. దాన్ని దాటవేయటం నిజాయితీ కాదు. పైన నేను చేసిన వాదమంతా, "చెదలలో కులం లేదు గనక మనుషులలో ఉండకూడదు" అనే తీరులో పాఠకులు అర్థం చేసుకుంటే, నేను ఆసామి పద్ధతినే తలకిందులు చేసి వాడుకున్నవాణ్ణవుతాను. రేపు శాస్త్రం మరొక విధంగా చెబితే? చెప్పింది కూడా. ఒక జాతి చెదలో పిల్ల పురుగు కూలీ కావటమో, రెక్కల దారిన పోవటమో కొంతవరకు వారసత్వం మీద కూడా ఆధారపడి ఉన్నదని 2007లో జపాను శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ పరిశోధన అచ్చయిన రోజునుంచి పల్నాడులో అంటరానితనం న్యాయమైపోయిందా? కాకపోతే, అది అచ్చు కాకముందు అన్యాయం కావటానికి కారణం కూడా చెద కాదు.

జతల విషయం చూడండి. జీవితమంతా ఒకే మగ, ఒకే ఆడ అని విని, ఏకపత్నీవ్రతానికి పుట్టను సాక్ష్యం పిలిచేవారుంటారు. జపానులోని ఒక చెదలో, మొదటి రాణి మగదాని ప్రమేయం లేకుండా కూతుళ్ళను కని వారసులుగా నిలబెడుతుందనీ, తరవాత రాజు జతకట్టేది వాళ్ళతోననీ 2009లో కనుక్కున్నారు. మరొక జాతిలో మగవే లేని పుట్టలున్నాయని 2018లో ప్రకటించారు. ఇప్పుడు ఏ చెదను ఆదర్శంగా తీసుకుందాం? ఎన్నుకునేది మనమే అయినప్పుడు, ఎన్నుకోవటానికి కావలసిన కొలబద్ద కూడా మన దగ్గరే ఉండి తీరాలి. ఉన్నదానినుంచి ఉండవలసినదానికి గెంతలేమని హ్యూము పద్దెనిమిదో శతాబ్దంలో చెప్పిన మాటకు ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

మనవాళ్ళకు ఒక మాట. పుట్టను చూసి ఆసామి కులాన్ని కనుక్కుంటే, మనలో కొందరు అదే పుట్టలో సమష్టి జీవనాన్ని, శ్రామికుల సహకారాన్ని కనుక్కొని పొంగిపోతారు. క్రొపోట్కిన్ 1902 నాటి తన గ్రంథంలో పరస్పర సహాయానికి చీమలనూ చెదలనూ ఉదాహరణ తెచ్చాడు. జీవితమంటే పోటీ ఒక్కటేనన్న వాదానికి జవాబుగా అది సమంజసమే. కాని చెద సహకరించటానికి నిర్ణయించుకోలేదు. సహకరించకుండా ఉండే స్వేచ్ఛ దానికి లేదు. అధమపు తాపీమేస్త్రీ కూడా గోడ కట్టకముందు దాన్ని తన తలలో కట్టుకుంటాడనీ, ఎంత నేర్పరి అయిన తేనెటీగకూ అది చేతకాదనీ మార్క్స్ చెప్పిన సారాంశం ఇదే. చెద సమ్మె చెయ్యదు. కూలివాడు చేస్తాడు. మన రాజకీయమంతా ఈ భేదంలో ఉన్నది. పుట్టలో సోషలిజాన్ని వెతికేవాడు ఈ భేదాన్ని చెరిపేస్తున్నాడు.

అయితే ప్రకృతి మనకు నీతి విషయంలో ఎందుకూ పనికిరాదా? పనికివస్తుంది. ఆ ఉపయోగం ఎట్లాంటిదో వినుకొండలో పుట్టిన కవే చూపించాడు. 1895లో ఇక్కడ పుట్టిన గుర్రం జాషువ కులం పేరుతో పడిన అవమానాలు అందరికీ తెలిసినవే. 1941లో వెలువడిన 'గబ్బిలం'లో అంటరానివాడు తన మొర దేవుడికి వినిపించటానికి గబ్బిలాన్ని పంపుతాడు. మనిషికి ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలం పోగలదు. జాషువ గబ్బిలాన్ని సాక్షిగా తెచ్చాడు, శాసనకర్తగా కాదు. గబ్బిలాలలో కులం లేదు గనక మనకూ వద్దని ఆయన వాదించలేదు. ఆ ప్రాణిని మన గుమ్మం ముందు నిలబెట్టి మన చట్టం ఎంత నీచమైనదో కనిపించేటట్టు చేశాడు. నేను చేసినది దీనికి సరిగ్గా వ్యతిరేకం. మన చట్టాన్ని తీసుకుపోయి ఒక మూగప్రాణి పుట్టలో దాచిపెట్టాను.

ఉపాధ్యాయులు దీన్ని మాటల తగాదాగా కొట్టివేయకూడదని నా మనవి. మన పుట్టలను కట్టేవి చెదలు. అయినా సుమతీ శతకకారుడు ఆ పని చీమలకు అంటగట్టి, వాటి పుట్టలు పాముల పాలయ్యేదాన్ని పామరుడి బంగారం రాజుల పాలవటానికి పోలిక తెచ్చాడు. ఆ పొరపాటు వల్ల ఎవరికీ అన్నం పోలేదు. 'కులం' అనే మాట అట్లాంటిది కాదు. వినేవాళ్ళలో ఆ మాటతో దెబ్బలు తిన్నవాళ్ళు ఉన్నారు, ఆ మాటతో కొట్టేవాళ్ళూ ఉన్నారు. మాస్టారు నోటినుంచి, పైగా సైన్సు క్లాసులో, అది వెలువడితే ఇద్దరికీ అది రుజువైన సత్యంగానే అందుతుంది. పుట్టను తవ్వించిన తర్వాత నేను ఆ మాట మానేశాను. 'వర్గం' అన్న మాటా పెట్టలేదు. అది మన సొంత పక్షపాతం. 'రూపభేదాలు' అన్నాను. రాజు, రాణి అనకుండా తండ్రిచెద, తల్లిచెద అన్నాను. పరీక్షలలో పాత పేర్లు అడుగుతారు గనక అవి కూడా చెప్పి, ఎవరు ఎప్పుడు ఎందుకు పెట్టారో చెప్పాను. పిల్లలకు ఈ రెండో కథే ఎక్కువ నచ్చింది.

ఆ కుర్రవాడికి నేను బాకీపడిన జవాబు ఇది: కూలిచెదకు పిల్లలు పుట్టరు నాయనా, అది రాజుగా చెప్పుకునేవాడి సొంత బిడ్డ. అది అట్లా పని చెయ్యటానికి కారణం దాని ఒంట్లో ఉన్నది, దాన్ని అది మార్చుకోలేదు. మీ నాన్న కూలికి పోవటానికి కారణం ఆయన ఒంట్లో లేదు, ఆ నలభై ఎకరాలలో ఉన్నది. దాన్ని మనుషులు చేశారు. అప్పుడు వాడు కూర్చోకుండా రెండో ప్రశ్న అడిగి ఉండేవాడు. దానికి జవాబు చెప్పటానికి జీవశాస్త్రం చాలదు. అయినా ఆ ప్రశ్న అడగనివ్వటం జీవశాస్త్రం మాస్టారి బాధ్యతే.